వారుణి బతికున్న నెల

పుష్పవతి ఏం పని చేస్తుందని కొత్తగా చేరినవాళ్ళు అడిగితే, మా షెడ్డులో ఆడవాళ్ళు "సదువుతాది" అనేవారు. జీడిపప్పు ఒలిచే చోట చదవడమేమిటని వచ్చినవాళ్ళు తెల్లమొహం వేసేవారు. నర్సీపట్నం నుంచి కేడీపేట వెళ్ళే రోడ్డులో ఉంది మా షెడ్డు. నేను అక్కడ తూకం దగ్గర కూర్చుంటాను. నా పేరు రాజేశ్వరి. డిగ్రీ చదివానని నాకు కుర్చీ వేశారు గానీ, నేల మీద కూర్చున్న ఆ ఆడవాళ్ళకి నా డిగ్రీ అంటే పూచికపుల్లంత గౌరవం కూడా లేదు. వాళ్ళ గౌరవమంతా పుష్పవతికే ఉండేది.

ఆమెది కొయ్యూరు దిగువన ఒక పల్లె. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది. ఆ వేసవిలోనే చెరుకు ట్రాక్టరు తోలే సింహాద్రికిచ్చి పెళ్ళి చేశారు, చదువు అంతటితో సరి. మా షెడ్డులో మొదట జీడిపిక్కలు కోసే దగ్గర చేరింది. పిక్కల్లోంచి కారే జీడి కుడిచేతి వేళ్ళని కాల్చేసింది. బొబ్బలు మానాయి గానీ వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఒలుపుకి మార్చాక కూడా ఆ వేళ్ళతో ఎర్ర పొట్టు తీస్తే పప్పు బద్దలైపోయేది. బద్దలకి రేటు లేదు, విరిచినవాళ్ళకి షావుకారు దగ్గర విలువా లేదు.

అలాంటి మనిషికి పుస్తకం అన్నం పెట్టింది. పెదబొడ్డేపల్లిలో నారాయణమూర్తి గారని రిటైరైన తెలుగు మాస్టారున్నారు. వానలు వెలిశాక ఆయన అరుగు మీద పుస్తకాలు ఎండబెడుతుంటే, పనికి వెళ్తూ పుష్పవతి ఆగి చూసింది. 'ఏడేరుల రాజ్యం' అని పన్నెండు లావుపాటి పుస్తకాలు. రాజులు, మంత్రగత్తెలు, మనుషులతో మాట్లాడే నదులు, రాతి గుర్రాలు. ఇప్పుడు ఏ షాపులోనూ దొరకవట. మాస్టారు మొదటిది ఇస్తూ ఒక షరతు పెట్టారు.

"వరసగా చదవాలమ్మా. టీవీ పెట్టి మధ్యలోంచి చూసినట్టు చూస్తే కుదరదు. ఒకటి తెచ్చిచ్చాకే రెండోది. తెచ్చినప్పుడల్లా నేనొక ప్రశ్న అడుగుతాను. చెప్తేనే తర్వాతది చేతిలో పెడతాను."

షెడ్డులో ఫోన్లు పనికిరావు. గుమ్మం బయట సంచిలో పెట్టి లోపలికి రావాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకరి మొహాలొకరు చూసుకుంటూ ఒలుచుకోవడమే. అందుకని పుష్పవతి ఒకరోజు భోజనాల వేళ నాలుగు పేజీలు చదివి వినిపించేసరికి, ఆడవాళ్ళు ఆమెని మళ్ళీ పప్పు ముట్టుకోనివ్వలేదు. "నువ్వు సదువు, నీ పల్లెం మేం నింపుతాం" అన్నారు. సాయంత్రం తూకానికి వచ్చే ముందు ఒక్కొక్కరు ఒలిచిన పప్పులోంచి గుప్పెడు తీసి ఆమె పల్లెంలో వేసేవారు. తలుపులమ్మ ఒక్కర్తే సణిగేది. అయినా వేసేది. కథకి ఆవిడా చెవి కోసుకునేది మరి.

అందరికన్నా ఎక్కువ విన్నది మహాలక్ష్మమ్మ. షెడ్డులో పెద్దావిడ. అక్షరం ముక్క రాదు గానీ, రెండో పుస్తకంలో ఏ రాజు ఏ గుర్రమెక్కాడో నాలుగో పుస్తకంలో అడిగినా చెప్పేది. ఆవిడ ప్రాణమంతా వారుణి మీద ఉండేది. వారుణి రాజకుమారుణ్ణి పెంచిన దాది. నాలుగో పుస్తకం చివర ఆ పసివాణ్ణి నెత్తిన పెట్టుకుని వరదలో ఏరు దాటుతుంటే, భుజంలో బాణం దిగబడుతుంది. పుస్తకం అక్కడే అయిపోయింది.

పుష్పవతి నాలుగోది తిరిగిచ్చేసి ఐదోది అడిగింది. మాస్టారు తల గోక్కున్నారు.

"ఐదోది యలమంచిలిలో మా తోడల్లుడు పట్టుకెళ్ళాడమ్మా. పుస్తకం పరహస్తం గతం గతః అని ఊరికే అన్నారా! అడుగుతాను. అది వచ్చేదాకా ఆరోది మాత్రం ఇవ్వను."

తోడల్లుడు ఇవాళ పంపుతాను రేపు పంపుతాను అంటూనే ఉన్నాడు. ఇక్కడ మా షెడ్డు అగ్గిమీద గుగ్గిలమైంది.

"ఏటే పుష్పా, ఈయాల కూడా పుస్తకం నేదా?" అని మహాలక్ష్మమ్మ రోజూ గుమ్మంలోనే నిలదీసేది. "దాన్ని నీటి మధ్యన ఒగ్గేసినాం. నాకు ముద్ద దిగడం నేదు. బతికినాదా నేదా, ఆ ఒక్క ముక్కా సెప్పు."

"మాస్టారు ఇంకా ఇవ్వనేదత్తా."

"పుస్తకం నేకపోతే గుప్పెడూ నేదు. అందరిలాగే ఒలుసుకో" అంది తలుపులమ్మ.

పుష్పవతి ఒలుచుకుంది. సాయంత్రానికి పల్లెంలో సగం బద్దలే. షావుకారు తూకం చూసి నాతో, "తక్కువ తెచ్చేవాళ్ళని మళ్ళీ కోతకి పంపెయ్యండి" అన్నాడు. ఆ మాట ఆమె చెవిన పడింది. తన కుడిచెయ్యి చూసుకుని కొంగు కింద దాచుకుంది.

మూడో రోజు పొద్దున్న ఆమె న్యూస్‌పేపరు అట్ట వేసిన పుస్తకం ఒకటి తెచ్చింది. ఐదోది దొరికిందంది. ఆడవాళ్ళు కేరింతలు కొట్టారు. పుష్పవతి చాప మీద కూర్చుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. వారుణి మునగలేదు. పడవ నడిపే ఒక ముసలామె జుట్టు పట్టుకుని పైకి లాగింది. కత్తి కాల్చి బాణం తీసింది. మహాలక్ష్మమ్మ ఒళ్ళో పల్లెం పక్కకి తోసేసి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"నాను సెప్పనేదేటి, అది సావదని!"

మర్నాడు నేను ఖాళీ బుట్టల కోసం ఆమె వెనకనుంచి వెళ్తూ పుస్తకంలోకి తొంగిచూశాను. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత, వాటి మధ్య వంకరగా ఇంకోటి. ఏడేరుల రాజ్యంలో గ్రాఫులెందుకుంటాయి? అది ఆమె కూతురు ఇంటర్‌లో చదువుకునే ఎకనామిక్స్ పుస్తకం. పుష్పవతి తలెత్తి నన్ను చూసింది. నోరు ఆగలేదు, వారుణి కథ చెబుతూనే ఉంది, కళ్ళు మాత్రం నన్ను బతిమాలుతున్నాయి. నేను బుట్టలు తీసుకుని నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను. ఆమెని కోతకి పంపే కాగితం మీద సంతకం పెట్టాల్సింది నేనే. ఆ పని తప్పినందుకు సంతోషించాను.

నిజం చెప్పొద్దూ, ఆ ఐదో పుస్తకం మిగతా నాలుగింటికన్నా బాగుంది. వారుణి పసివాణ్ణి అడ్డాకుల బుట్టలో దాచి కొండెక్కింది. సంతలో చింతపండు అమ్మింది. సైనికులొచ్చి ఈ గుంటడెవరని గద్దిస్తే, "నా మనవడు బాబూ, జొరం" అని వాళ్ళ చేతే మందాకు తెప్పించింది. షెడ్డు షెడ్డంతా పడీపడీ నవ్వింది. మహాలక్ష్మమ్మ అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. తలుపులమ్మ కూడా సణక్కుండా గుప్పెడు వేసింది. వాళ్ళు నవ్వుతున్నకొద్దీ నా భయం పెరిగేది. పిల్లి కళ్ళు మూసుకుని ఎన్నాళ్ళు పాలు తాగుతుంది?

నెల తిరిగేసరికి పుష్పవతి కథ ఒక ఒడ్డుకి చేర్చి, ఐదోది అయిపోయిందంది. ఆరోది కావాలి. మాస్టారి దగ్గరికెళ్ళి, ఐదోది లైబ్రరీలో దొరికింది, చదివేశానని చెప్పింది. ఆయన ఎంతో మురిసిపోయి, అలవాటు ప్రకారం ప్రశ్న అడిగారు.

"మరి వారుణి దగ్గర నీకేమనిపించిందమ్మా?"

పుష్పవతి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. భయానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏం సెప్పమంటారు మాస్టారూ..." అంది.

"నేనూ ఏడ్చానమ్మా" అన్నారాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "పిల్లాణ్ణి ఒడ్డుకి అందించి తను అలా నీళ్ళలోకి జారిపోవడం! మొదటి అధ్యాయంలోనే చంపేశాడు, రాసినాయనకి చేతులెలా వచ్చాయో." లోపలికెళ్ళి ఆరో పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

ఆ సాయంత్రం తూకం దగ్గర అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, పుష్పవతి ఈ సంగతి నాకు చెప్పింది.

"రేపే అందరికీ చెప్పెయ్" అన్నాను.

"సెప్తే గుప్పెడు ఎవులేత్తారండీ? మళ్ళీ కోతకే. అదలా ఉంచండి, మాలచ్చిమత్త మొహం సూసినారా మీరు? ఆ మొహం ముందు ఎలా సెప్పీది?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆరో పుస్తకం పన్నెండేళ్ళ తర్వాత మొదలవుతుంది. రాజకుమారుడు పెద్దవాడయ్యాడు. పున్నమి పున్నమికీ ఏటి ఒడ్డున వారుణి సమాధి దగ్గర దీపం పెడతాడు. ఏ ప్రతిజ్ఞ చేసినా ఆ సమాధి మీద చెయ్యి వేసే చేస్తాడు. పుష్పవతి పొయ్యి దగ్గర కూర్చుని ముందుగా ఆ పేజీలన్నీ చదువుకుని, ఎక్కడ సమాధి వస్తుందో గుర్తు పెట్టుకుని వచ్చేది. షెడ్డులో చదివేటప్పుడు సమాధిని ఇల్లు చేసేది. దీపం పెట్టడానికి బదులు రాజకుమారుడు వారుణి ఇంటికి భోజనానికి వెళ్ళేవాడు. కథ నడుస్తూ నడుస్తూ ఆమె గొంతు ఒక్కసారి ఆగేది. ఆగినచోటల్లా నేను తూకం రాళ్ళు గట్టిగా చప్పుడు చేసేదాన్ని.

అంతటితో అయితే బాగుండును. శత్రువులు వచ్చి ఆ సమాధిని పడగొట్టే అధ్యాయం వచ్చింది.

"ఇల్లు పడగొట్టీసినారా!" అని మహాలక్ష్మమ్మ ఉలిక్కిపడింది. "మరి వారుణి లోపలున్నాదా? దెబ్బ తగిలినాదేటి?"

"నేదత్తా. సంతకెళ్ళినాది" అంది పుష్పవతి.

"అస్తమానూ సంతేనేటి దానికి? మొన్న యుద్ధమప్పుడూ సంతకే ఎళ్ళినాది. ఇల్లు కూలిపోతే వచ్చి నాలుగు తిట్లైనా తిట్టదేటి? నోరు పడిపోనాదా?"

ఎవరో నవ్వారు. తలుపులమ్మ నవ్వలేదు. పుష్పవతి వంక కళ్ళు చిట్లించి చూసింది. తలుపులమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. గుప్పెడు ఇవ్వడం ఇష్టం లేక, సొంతంగా చదువుకుంటానని, ఒకటో తరగతి చదివే మనవరాలి దగ్గర అక్షరాలు దిద్దుతోంది. అంతకుముందు దూరంగా కూర్చునేది, ఆ రోజునుంచి చాప పక్కకి జరిగింది. అట్టపెట్టెల మీది పేర్లు, గోడ మీది కేలండరు, ఏది కనిపిస్తే అది కూడబలుక్కుంటూ ఉండేది. పుష్పవతి పుస్తకం ఇంకాస్త ఒళ్ళోకి లాక్కునేది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. రేకుల షెడ్డు పెనంలా కాలిపోతోంది. పుష్పవతికి దగ్గు తెర పట్టుకుంది, ఎంతకీ ఆగలేదు. పుస్తకం చాప మీద బోర్లించి, మంచినీళ్ళ కోసం బయట కుళాయి దగ్గరికి పరుగెత్తింది. నేను కుర్చీలోంచి లేచేలోపే తలుపులమ్మ పుస్తకం ఎత్తి, వేలు పెట్టి గట్టిగా కూడబలకడం మొదలుపెట్టింది.

"వా... రు... ణి. వారుణి! సూసినారా, నాకూ వచ్చినాది. వారుణి స... మా... ధి. సమాధి. మీ... ద. పూ... లు..."

ఒలిచే చేతులన్నీ ఆగిపోయాయి.

"ఎవులి సమాధి?" అంది మహాలక్ష్మమ్మ.

తలుపులమ్మ మళ్ళీ వేలు పెట్టి చదివింది. రెండోసారీ అదే వచ్చింది. పుష్పవతి గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. ఏదో ఒకటి కల్పించి గట్టెక్కేస్తుందని నేను అనుకున్నాను, అంతకుముందు అంత నేర్పుగా నడిపిన మనిషి. కానీ ఆమె అక్కడే కూలబడింది.

"ఐదోది నాకు దొరకనేదత్తా. అదంతా నానే సెప్పినాను. వారుణి ఏట్లోనే సచ్చిపోనాది. నాకే తరవాత తెలిసినాది."

తలుపులమ్మ అంతెత్తున లేచింది. "నెల్లాళ్ళు మా గుప్పిళ్ళు తిన్నావు గదే! నీ కట్టుకతకి మా రెక్కల కష్టం పోసినాం గదే!" ఆ కేకలకి రేకులు అదిరాయి. ఒక్కొక్కరే గొంతు కలిపారు. పుష్పవతి తలెత్తలేదు. అప్పుడు మహాలక్ష్మమ్మ చెయ్యెత్తింది. అందరూ నోరు మూశారు.

"మా తమ్ముడు నక్కపల్లిలో పోనాడు" అందావిడ. గొంతు పెంచలేదు. "నాకు సెప్పనేదు. ఒంట్లో బాగోనేదు, ఓపాలి సూసెళ్ళు అని కబురెట్టినారు. ఎవులు పోయినా అలాగే సెప్తారు కదా మనవోళ్ళు, దార్లో గుండాగిపోద్దని. నాను నమ్మినాను. బస్సు దిగి ఆడికిట్టమని బత్తాయిలు బేరమాడి కొన్నాను. ఆ సంచి పట్టుకుని, నవ్వుకుంటా వీధిలోకెళ్తే, అరుగు మీద పడుకోబెట్టి ఉన్నాడు. ఊరందరికీ తెలుసు, నాకే తెలవదు. నవ్వుతున్న మొహం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలవనేదే." ఆవిడ పల్లెం కింద పెట్టి లేచింది. "నువ్వూ అదే పని సేసినావు. ఏడవాల్సిన దానికి నెల్లాళ్ళు నన్ను నవ్వించినావు."

పని మధ్యలో వదిలేసి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

షెడ్డులో తలుపులమ్మ పెత్తనం మొదలైంది. ఆరో పుస్తకం లాక్కుని తనే చదువుతానంది. ఒక పేజీకి మధ్యాహ్నమయ్యేది, కథ ఎవరికీ అర్థమయ్యేది కాదు, అయినా పౌరుషానికి అందరూ విన్నారు. పుష్పవతి మూల కూర్చుని మొద్దు వేళ్ళతో ఒలుచుకునేది. ఎవరూ పలకరించేవారు కాదు. షావుకారు మళ్ళీ ఆమె పల్లెం చూసి, నా వంక చూశాడు. వారాంతానికల్లా తేల్చమన్నాడు.

ఆమె మాస్టారి దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పేసిందట. ఆయన, "నన్ను కూడా మోసం చేశావు కదమ్మా. ఆ ఐదోది ఇక నువ్వే వెళ్ళి తెచ్చుకో" అని యలమంచిలి అడ్రసు చెప్పారట. ఒక పూట పని మానుకుని బస్సెక్కింది. తోడల్లుడు గారు ఆ పుస్తకం విప్పనైనా లేదట, కట్టిన దారం కట్టినట్టే అటక మీద పడేశాడు. తిరిగొచ్చి ఇంటికైనా వెళ్ళకుండా నన్ను వెంటబెట్టుకుని బలిఘట్టంలో మహాలక్ష్మమ్మ ఇంటికి నడిచింది. ఒక్కర్తే వెళ్ళడానికి ధైర్యం చాల్లేదు.

మహాలక్ష్మమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. మమ్మల్ని చూసి కూడా చేట ఆపలేదు.

"అత్తా, ఐదోది తెచ్చినాను. దారం కూడా ఇప్పనేదు. నువ్వు రాకపోతే సదవను. గుప్పెడు నాకొద్దు. కోతకి పంపినా ఎళ్ళిపోతాను. ఇదొక్కటీ వరసలో సదివేసి ఎళ్తాను."

ఆవిడ చేటలో ఇంకో దోసెడు బియ్యం పోసుకుని చెరగడం మొదలుపెట్టింది. ఉండీ ఉండీ నా కాళ్ళు పీకాయి. వచ్చేశాం. దారంతా పుష్పవతి ఏడుస్తూనే ఉంది, నేను ఓదార్చలేదు. నాకు ఆమె మీద కోపం ఇంకా పోలేదు, ఆమెని కోతకి పంపాలంటే చెయ్యీ రావడం లేదు.

మర్నాడు మహాలక్ష్మమ్మ వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా తన చోట కూర్చుని పల్లెం ముందుకి లాక్కుంది. తలుపులమ్మ ఏదో అనబోతే, "నువ్వుండే" అంది. పుష్పవతి వైపు చూడకుండానే, "ఉన్నది ఉన్నట్టు సదువు" అంది.

పుష్పవతి దారం విప్పింది. మొదటి అధ్యాయం. ఏమవుతుందో షెడ్డులో అందరికీ తెలుసు, అయినా ఒక్కరి చెయ్యీ పప్పు మీదికి పోలేదు. వరద. పడవ లేదు, పడవ నడిపే ముసలామె లేదు. వారుణికి మెడదాకా నీళ్ళు. ఒడ్డున ఎవరిదో చెయ్యి. పసివాడు ఆ చేతిలోకి మారాడు. తర్వాతి వాక్యం దగ్గర పుష్పవతి ఆగిపోయింది. ఆమె వేలు ఆ అక్షరాల మీదే ఉంది. మాట మార్చేస్తుందేమోనని భయపడ్డాను. నా మనసులో నేనే మార్చెయ్యవే అనుకున్నాను కూడా.

"సదువు" అంది మహాలక్ష్మమ్మ.

చదివింది. వారుణి కొంగు కాసేపు నీటి మీద తేలి, తర్వాత అదీ కనబడలేదు.

మహాలక్ష్మమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. కాసేపటికి లేచి, షెడ్డు బయట కుళాయి దగ్గరికి వెళ్ళి బకెట్టు కింద పెట్టి తిప్పింది. ఆవిడ ఏం చేయబోతోందో మాకు అర్థమైంది. చావు కబురు విన్న మనిషి తలారా స్నానం చెయ్యకుండా మళ్ళీ పనిలోకి ఎలా వస్తుంది? ఒకరి వెనక ఒకరు ఆడవాళ్ళంతా బయటికి నడిచారు. తలుపులమ్మ కూడా. నేనూ వెళ్ళాను. మహాలక్ష్మమ్మ చెంబు ముంచి పట్టుకుని, తను పోసుకోకుండా వెనక్కి తిరిగి చూసింది. పుష్పవతి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏటలా సూత్తావు, రా" అంది. "దగ్గరోళ్ళు ముందు పోసుకోవాల. నెల్లాళ్ళు దాన్ని సాకినదానివి నువ్వు."

పుష్పవతి వచ్చి తల వంచింది. మహాలక్ష్మమ్మ ఆమె నెత్తి మీద మూడు చెంబులు పోసి, అప్పుడు తను పోసుకుంది.

తడి ఒంటితో పప్పు ముట్టుకోకూడదు. షావుకారు కేకలేస్తుంటే, ఆరాక వస్తారని నేనే చెప్పాను. అందరూ గోడవారగా ఎండలో కూర్చున్నారు. పుష్పవతి చేతులు తుడుచుకుని రెండో అధ్యాయం మొదలుపెట్టింది.